ప్లాస్టిక్ ఉద్యమాలు: గెలిచిన మర్నాడే అసలు పరీక్ష

కర్రీ పాయింటులో కూర కట్టించుకున్నప్పుడు ఒక్కసారి గమనించండి. సన్నటి కవరులో కూర పోసి, మూతిని రెండు మెలికలు తిప్పి, గాలి పట్టేలా బిగించి ముడి వేస్తారు. ఇంటికొచ్చాక ఆ ముడి విప్పే ఓపిక మనకుండదు. ఓ మూల కత్తిరించి కూర వొంపుకుంటాం. తిన్నాక మిగిలినదాన్ని, తొక్కల్ని, అన్నం మెతుకుల్ని ఇంకో కవరులో వేసి, మళ్ళీ ముడేసి, వీధి చివర కుప్ప మీదికి విసిరేస్తాం. చేతులున్న మనమే విప్పలేని ముడిని ఆవు ఎలా విప్పుతుంది? వాసన పట్టి వచ్చి కవరుతో సహా మింగేస్తుంది.

ఆవుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. మేత చుట్టూ నాలుక చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఏది తినేది, ఏది కానిది అని ఏరే వీలు మేకకు ఉన్నంతగా దానికి లేదు. లోపలికెళ్ళిన కవరు నాలుగు అరల పొట్టలో అన్నిటికన్నా పెద్దదైన రూమెన్‌లో చేరుతుంది. గడ్డిలోని సెల్యులోజ్‌ను విడగొట్టగల సూక్ష్మజీవులు అక్కడ కోటానుకోట్లు ఉంటాయి. పాలిథిన్‌లోని కార్బన్ గొలుసును విడగొట్టడం మాత్రం వాటి వల్ల కాదు. కవర్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. తాళ్ళు, గుడ్డపేలికలు, మేకులు వాటికి చుట్టుకుంటాయి. చివరికి ఉండలా గట్టిపడి దారి మూసేస్తాయి. కడుపు నిండుగా కనిపిస్తుంది, పశువు మాత్రం ఎండిపోతూ ఉంటుంది.

పుట్టపర్తిలో జంతువుల సంరక్షణ కోసం పనిచేసే కరుణ సొసైటీ వారు వీధి పశువులకు ఆపరేషన్ చేసినప్పుడు పొట్టలోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. ఆ దృశ్యాలు ‘ద ప్లాస్టిక్ కౌ’ అనే డాక్యుమెంటరీ ద్వారా దేశమంతా చూసింది. 2012లో ఆ సంస్థా, మరికొందరూ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ప్లాస్టిక్ సంచుల వాడకం ఆపాలనీ, చెత్తను బయట కుప్పపోసే పద్ధతి పోవాలనీ, ఇంటింటి సేకరణ రావాలనీ, ప్లాస్టిక్‌ను మిగతా చెత్త నుంచి వేరు చేయాలనీ కోరారు. రాయలసీమలో ఒక చిన్న పట్టణంలోని ఆపరేషన్ బల్ల మీద మొదలైన విషయం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆవులు కవర్లు తినడం అందరూ రోజూ చూస్తున్నదే. అంతమంది ఏళ్ళ తరబడి చూసినా సమస్య కానిది, ఒకరోజు ఉద్యమం ఎలా అయింది? అయినది ఎక్కడ ఆగిపోయింది? ప్లాస్టిక్ మీద మన దేశంలోనూ, పొరుగు దేశాల్లోనూ జరిగిన పోరాటాలను వరసగా పెట్టి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. ఈ ఉద్యమాలు పుట్టడంలో విఫలం కావడం లేదు, గెలవడంలోనూ కావడం లేదు. గెలిచిన మర్నాడు విఫలమవుతున్నాయి.

బాధ ఒక్కటే చాలదు

బాధ ఎక్కువైతే జనం వాళ్ళంతట వాళ్ళే తిరగబడతారన్నది పాత నమ్మకం. సామాజిక శాస్త్రవేత్తలు దీన్ని చాలాకాలం క్రితమే పక్కన పెట్టారు. డేవిడ్ స్నో, రాబర్ట్ బెన్‌ఫర్డ్ అనే అమెరికన్ పరిశోధకులు 1988లో ఒక చక్కని సూత్రీకరణ చేశారు. ఏ ఉద్యమమైనా మూడు పనులు చేయాలి. జరుగుతున్నది తప్పు అని చెప్పి, ఆ తప్పు ఎవరిదో చూపించాలి. దానికి మందేమిటో చెప్పాలి. ఆ మందు కోసం నువ్వే ఎందుకు కదలాలో ఒప్పించాలి. వైద్యుడు చేసేదీ ఇదే: రోగం గుర్తించడం, చికిత్స చెప్పడం, రోగిని ఒప్పించడం.

పుట్టపర్తి ఉదాహరణలో ఈ మూడూ కుదిరాయి. స్కాల్పెల్ కనిపించని హానిని కళ్ళ ముందు పరిచింది. తప్పు కవరుది, చెత్తకుప్పదీ అని తేలింది. ఆవు కాబట్టి మనసు కదలడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. సముద్ర తీర దేశాల్లో ఇదే పని తాబేలు చేసింది. 2015లో కోస్టారికా తీరంలో పరిశోధకులు ఒక తాబేలు ముక్కులోంచి ప్లాస్టిక్ స్ట్రా లాగుతున్న వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే స్ట్రాల మీద నిషేధాలు వరసగా వచ్చాయి. బంగ్లాదేశ్‌లో ఆ పని వరద చేసింది.

అంటే ఉద్యమానికి మొదట కావలసింది టన్నుల లెక్క కాదు, ఒక రూపం. విజ్ఞాన శాస్త్రం పేరుతో దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే ఆ మొదటి రూపమే ఉద్యమం చూపును కట్టిపడేసే ప్రమాదం కూడా ఉంది. ఆవు కడుపులో కనిపించింది కవరు. కాబట్టి పోరాటం కవరు మీదికే వెళ్ళింది.

కవరే ఎందుకు తొలి లక్ష్యం?

లదాఖ్‌లో మహిళా సంఘం చొరవతో లేహ్ పట్టణంలో ప్లాస్టిక్ సంచుల నిషేధం వచ్చింది 1998లో. అదే ఏడాది సిక్కిం కూడా ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. కొండ ప్రాంతాల్లో చెత్త దాచడానికి చోటుండదు. వాగులో వేసింది కింది ఊరికి చేరుతుంది. అందుకే ఈ ఆలోచన మైదానాల కన్నా ముందు అక్కడ పుట్టింది.

దేశం మొత్తానికి పలుచటి పాలిథిన్ సంచులను నిషేధించిన తొలి దేశంగా పేరు తెచ్చుకున్నది బంగ్లాదేశ్. 1988, 1998 వరదల్లో ఢాకా మునిగినప్పుడు నీరు బయటికి పోకుండా కాలువలను అడ్డుకున్నవాటిలో కవర్లు ముఖ్యమైనవని తేలింది. 1990 నుంచే ఎస్డో అనే పర్యావరణ సంస్థ ప్రచారం చేస్తూ వచ్చింది. 2002లో నిషేధం వచ్చింది. ఇటు ముంబైలో 2005 జులై 26న ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి నగరం మునిగినప్పుడు కూడా వేళ్ళన్నీ మూసుకుపోయిన కాలువల వైపే చూపించాయి. మహారాష్ట్ర ప్లాస్టిక్ సంచుల నిషేధానికి దిగింది.

కవరు మంచి లక్ష్యమే. అందరి చేతుల్లో ఉంటుంది, ప్రత్యామ్నాయం తేలిగ్గా చెప్పవచ్చు, నిషేధిస్తే మరుసటి వారానికే తేడా కనిపిస్తుంది. ప్రభుత్వాలకూ సులువు. కానీ మన నిబంధనల చరిత్ర చూస్తే ఇరవై ఏళ్ళకు పైగా మనం ఒకే మెట్టు మీద కాళ్ళు మార్చుకుంటున్నామా అనిపిస్తుంది. 1999లో సంచి మందం కనీసం 20 మైక్రాన్లు ఉండాలన్నారు. 2011లో 40 అన్నారు. 2016లో 50 చేశారు. 2021 సెప్టెంబర్ 30 నుంచి 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120.

మందం పెంచడం వెనుక తర్కం ఉంది. పలుచటి కవరు గ్రాములు మాత్రమే తూగుతుంది. కిలో కావాలంటే వందల కవర్లు ఏరాలి. అందుకే చెత్త ఏరేవారు దాన్ని ముట్టుకోరు. మందమైతే బరువుంటుంది, పాత సామాన్ల కొట్టులో రేటు వస్తుంది. ఖరీదు పెరిగితే దుకాణదారు ఊరికే ఇవ్వడు. తర్కం సరే, అమలు మాట ఏమిటి? యాభై మైక్రాన్లకూ డెబ్భై అయిదుకూ తేడా కంటికి కనిపించదు, వేలికి తెలియదు. కొలిచే పరికరం లేని మునిసిపల్ ఉద్యోగి సంత మధ్యలో నిలబడి ఏం చేయగలడు? కూరగాయల బండి పెట్టుకున్నవాడికి జరిమానా వేయగలడు. కవరు తయారైన కార్ఖానా అక్కడ ఉండదు.

2022 జులై 1న దేశవ్యాప్తంగా 19 రకాల ఒక్కసారి వాడి పారేసే వస్తువులు నిషేధమయ్యాయి. స్ట్రాలు, చెంచాలు, కప్పులు, బెలూన్ పుల్లలు, చెవి పుల్లలు, స్వీటు డబ్బాల చుట్టూ చుట్టే పొర వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మంచి నిర్ణయమే. కానీ మీ వీధి మురుగు కాలువలోకి ఒకసారి తొంగి చూడండి. మెరిసే చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు, బిస్కెట్ రేపర్లు ఎక్కువగా కనిపిస్తాయి. అవి ఆ జాబితాలో లేవు.

వేలు ఎటు చూపిస్తున్నాం?

ఉద్యమం చేసే మొదటి పని తప్పు ఎవరిదో చూపించడం అన్నాం కదా. ఆ వేలు ఎటు తిరగాలన్న దాని మీదే అసలు పోటీ జరుగుతుంది. ఈ పోటీకి అమెరికాలో ఒక పాత కథ ఉంది. 1953లో వెర్మాంట్ రాష్ట్రం తిరిగి నింపడానికి పనికిరాని బీరు సీసాలను నిషేధించింది. అదే ఏడాది ప్యాకేజింగ్, పానీయాల కంపెనీల అండతో ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ అనే సంస్థ మొదలైంది. చెత్త వేసే మనిషిదే తప్పు అన్నది దాని ప్రచార సారాంశం. వెర్మాంట్ చట్టం నాలుగేళ్ళకే గడువు ముగిసి పోయింది. 1971లో ఆ సంస్థ విడుదల చేసిన ప్రకటనలో ఒక ఆదివాసీ వేషధారి చెత్తను చూసి కన్నీరు పెట్టుకుంటాడు. అది అమెరికా ప్రకటనల చరిత్రలోనే పేరుపడింది. కాలువలో సీసా పడేసినవాడు దోషి అయ్యాడు. సీసాను వెనక్కి తీసుకోవడం మానేసిన కంపెనీ ఆ బొమ్మలోంచి మాయమైంది.

మన దగ్గరా ఆ మాయం జరిగింది, కొంచెం నిశ్శబ్దంగా. చిప్స్ ప్యాకెట్టు ఒకే పదార్థం కాదు. రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలు, మధ్యలో అతి పలుచటి అల్యూమినియం పూత కలిపి అతికించినది. ఈ పొరల వల్లే లోపలి సరుకు మెత్తబడదు, గాలి తగలదు. ఈ పొరల వల్లే దాన్ని విడగొట్టి మళ్ళీ వాడటం లాభసాటి కాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇలాంటి రీసైకిల్ చేయలేని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో దశలవారీగా ఆపేయాలన్నాయి. సరిగ్గా ఆ గడువు దగ్గరపడిన 2018 మార్చిలో సవరణ వచ్చింది. రీసైకిల్ చేయలేనిది, శక్తిని రాబట్టడానికి పనికిరానిది, మరో ఉపయోగం లేనిది అయితేనే ఆపాలని మార్చారు. శక్తిని రాబట్టడం అంటే తగలబెట్టి వేడిని వాడుకోవడం. సిమెంటు బట్టీలో ఏ ప్లాస్టిక్ అయినా దాదాపుగా మండుతుంది. ఇక ఆపాల్సింది మిగిలిందేమిటి?

కవరు నిషేధించినప్పుడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. ఈ సవరణ ఎంతమందికి గుర్తుంది? ఉద్యమం కవరు మీద గెలిచి విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ప్యాకెట్టు పక్క గుమ్మంలోంచి నడిచి వెళ్ళిపోయింది.

ఇక్కడ పరిశ్రమ చెప్పే మాట కూడా వినాలి. ప్యాకింగ్ లేకపోతే ఆహారం పాడవుతుంది, పాడైన ఆహారం వెనుక నీరు, ఎరువు, డీజిల్ అన్నీ వృథా అవుతాయి. రూపాయి సాషే లేకపోతే కూలి మనిషి షాంపూ కొనలేడు. ఇవి కొట్టిపారేయదగ్గ వాదాలు కావు. కానీ వీటి నుంచి వచ్చే ముగింపు ‘కాబట్టి ప్యాకెట్టు ఇలాగే ఉండాలి’ అని కాదు. ఒకే రకం ప్లాస్టిక్‌తో తయారయ్యే ప్యాకింగు మీద పరిశోధన జరుగుతోంది. ఒకప్పుడు నూనె, కిరోసిన్ మన గిన్నెలోనే కొలిచి పోసేవారు. అవసరం నిజమైనప్పుడు దాన్ని తీర్చే మార్గం మారవచ్చు. మారాలంటే ఎవరో ఒత్తిడి పెట్టాలి.

ఉద్యమంలో పేరు లేనివాళ్ళు

తీరం శుభ్రం చేసే కార్యక్రమాల ఫొటోలు మనం తరచూ చూస్తాం. ముంబై వెర్సోవా బీచ్‌లో న్యాయవాది అఫ్రోజ్ షా 2015లో మొదలుపెట్టిన శ్రమదానం వారం వారం కొనసాగి, మరుసటి ఏడాదే ఆయనకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం తెచ్చింది. 2018లో అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు కనిపించాయి. ఆ ఓర్పుకు నమస్కరించాల్సిందే.

అయితే ఆదివారం ఉదయం గ్లౌజులు తొడుక్కుని రెండు గంటలు చెత్త ఏరేవారిని స్వచ్ఛంద సేవకులు అంటాం. అదే చెత్తను ఏడాదంతా తెల్లవారుజాము నుంచి వట్టి చేతులతో ఏరేవారిని ఏమని పిలుస్తాం? వాళ్ళను చూస్తే కుక్కలు మొరుగుతాయి, వాచ్‌మన్లు అదిలిస్తారు, పోలీసులు అనుమానిస్తారు. మన దేశంలో ప్లాస్టిక్ రీసైక్లింగ్ అంతో ఇంతో జరుగుతోందంటే ఆ పని మొదలయ్యేది వాళ్ళ సంచిలోనే.

పుణెలో 1993లో వీళ్ళు సంఘం పెట్టుకున్నారు. కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అని దాని పేరు. అంటే కాగితం, గాజు, రేకు ఏరే శ్రామికుల పంచాయతీ. సభ్యుల్లో అత్యధికులు దళిత మహిళలు. వాళ్ళు మొదట అడిగింది పర్యావరణ పరిరక్షణ కాదు. మమ్మల్ని కార్మికులుగా గుర్తించండి, గుర్తింపు కార్డు ఇవ్వండి అని అడిగారు. మేం చేస్తున్న పని వల్ల నగరానికి ఇంత ఖర్చు మిగులుతోంది అని లెక్క కట్టి చూపించారు. ఆ సంఘం నుంచే తర్వాత స్వచ్ఛ్ అనే సహకార సంస్థ పుట్టి, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. ఇప్పుడు మూడు వేలకు పైగా శ్రామికులు ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకుంటారు, ఇంటివారి నుంచి నెలవారీ రుసుము పొందుతారు, పనికొచ్చేది అమ్ముకుంటారు.

నా దృష్టిలో దక్షిణాసియాలో ప్లాస్టిక్ చుట్టూ పుట్టిన ఉద్యమాల్లో అన్నిటికన్నా గట్టిగా నిలబడినది ఇదే. దానికి పర్యావరణ ఉద్యమం అనే బోర్డు కూడా లేదు. నిలబడటానికి కారణం తేలికే. ఇందులో ఉన్నవారికి రేపు ఉదయం కూడా చెత్తతో పని ఉంటుంది. ఉత్సాహం తగ్గితే ఇంటికెళ్ళిపోయే వీలు వాళ్ళకు లేదు. ఏ ప్యాకెట్టు అమ్ముడుపోతుంది, ఏది పోదు అన్నది ఏ ప్రయోగశాలకన్నా ముందు వాళ్ళ చేతికి తెలుస్తుంది. 2022 మార్చిలో నైరోబిలో ప్లాస్టిక్ ఒప్పందం కోసం ప్రపంచ దేశాలు చేసిన తీర్మానంలో అనధికారిక, సహకార రంగాల్లో చెత్త సేకరించే శ్రామికుల పాత్రను ప్రస్తావించారు. ఆ వాక్యం దానంతట అది రాలేదు. సంఘం కట్టుకున్నందువల్ల వచ్చింది.

లెక్క తేలకపోతే వాదన నిలవదు

ఇక శాస్త్రం చేయాల్సిన పని దగ్గరికి వద్దాం. 2017లో రోలండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లా ఒక లెక్క కట్టారు. మొదటి నుంచి 2015 వరకు మనిషి తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు చెత్తగా మారింది. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చినది 12 శాతం, మిగిలిన 79 శాతం డంపింగ్ యార్డుల్లోనో ప్రకృతిలోనో ఉంది. ఈ ఒక్క లెక్క ఉద్యమం దిశనే మార్చింది. రీసైకిల్ చేస్తే సరిపోతుందన్న భరోసా సడలిపోయింది, అసలు ఇంత తయారుచేయడం ఎందుకన్న ప్రశ్న ముందుకొచ్చింది.

మన దేశం లెక్క చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో వెలువడిన ప్లాస్టిక్ వ్యర్థాలు 41 లక్షల టన్నులకు పైగా. 2024 సెప్టెంబర్‌లో నేచర్ పత్రికలో లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం 2020లో భారత్‌లో అదుపు తప్పి పర్యావరణంలోకి చేరిన ప్లాస్టిక్కే 93 లక్షల టన్నులు. అందులో 58 లక్షల టన్నులు బహిరంగంగా కాల్చినది, 35 లక్షల టన్నులు నేల మీదా నీటిలోనూ చేరినది. మొత్తం వెలువడింది 41 లక్షలైతే, తప్పించుకున్నది 93 లక్షలు ఎలా అవుతుంది? రెండూ ఒకేసారి నిజం కాలేవు. పరిశోధకులు చెప్పే కారణం, అధికారిక గణాంకాల్లో గ్రామీణ ప్రాంతాలు, సేకరించకుండానే కాల్చేసిన చెత్త, అనధికారిక రీసైక్లింగ్ లెక్కకు రాలేదని. అవతలి వైపు, వాళ్ళది కూడా నమూనా ఆధారంగా వేసిన అంచనాయే, తూకం వేసిన లెక్క కాదు.

ఈ తేడా పండితుల తగాదా కాదు. చెత్త బండి రాని ఊళ్ళో పెరట్లో తగలబెట్టే కవర్ల పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందో ఆ మనుషులు ఒక లెక్కలో ఉన్నారు, ఇంకో లెక్కలో లేరు. లెక్కలో లేనివారికి బడ్జెట్‌లో చోటుండదు. నేచర్ అధ్యయనం తేల్చిన ముఖ్య విషయం కూడా ఇదే: ప్లాస్టిక్ కాలుష్యానికి అతిపెద్ద మూలం అసలు సేకరణే జరగని చెత్త.

లెక్క ఉద్యమకారులకు ఇష్టం లేని మాట కూడా చెబుతుంది. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనం ప్రకారం, వాతావరణంపై ప్రభావం విషయంలో కొత్త నూలు సంచి పలుచటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే కనీసం 52 సార్లు వాడాలి. నీరు, ఓజోన్ వంటి అన్ని అంశాలూ కలిపితే ఆ సంఖ్య వేలల్లోకి వెళ్తుంది. ఆవు కడుపునూ, కాలువనూ ఆ అధ్యయనం లెక్కలోకి తీసుకోలేదన్నది నిజమే. అయినా సభ సభకూ ఒక కొత్త గుడ్డ సంచి పంచిపెట్టి, పది సంచులు అలమరలో మడతపెట్టడం పర్యావరణ సేవ కాదని మాత్రం తెలుస్తుంది. పాత చీరతో అమ్మమ్మ కుట్టిన సంచి సంగతి వేరు. దానికోసం కొత్తగా పత్తి పండించనక్కర్లేదు.

చప్పుడు తగ్గాక

ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1972లో ఒక చక్రాన్ని వర్ణించాడు. సమస్య ముందునుంచే ఉంటుంది, ఎవరికీ పట్టదు. ఒక ఘటనతో అందరూ ఉలిక్కిపడతారు, ఇప్పుడే తేల్చేద్దాం అన్న ఉత్సాహం వస్తుంది. తర్వాత దానికయ్యే ఖర్చు, కష్టం అర్థమవుతాయి. మెల్లగా ఆసక్తి తగ్గుతుంది. చివరికి సమస్య పరిష్కారం కాకుండానే వార్తల్లోంచి వెళ్ళిపోతుంది.

బంగ్లాదేశ్ ఈ చక్రానికి అద్దం. 2002లో నిషేధం రాగానే కవర్లు కనిపించకుండా పోయాయి. కొన్నేళ్ళకు మెల్లగా తిరిగొచ్చాయి. చౌకగా దొరికే ప్రత్యామ్నాయం లేదు, తనిఖీలు తగ్గాయి. జనుము దేశంలోనే జనుము సంచి పాలిథిన్‌తో ధరలో పోటీ పడలేకపోయింది. శాస్త్రవేత్త ముబారక్ అహ్మద్ ఖాన్ జనుములోని సెల్యులోజ్ నుంచి, చూడటానికి పాలిథిన్‌లాగే ఉండి నేలలో కలిసిపోయే ‘సోనాలీ’ సంచిని తయారుచేశారు. ప్రయోగశాలలో గెలిచిన ఆ సంచి పెద్ద ఎత్తున మార్కెట్‌ను పట్టుకోవడానికి ఏళ్ళ తరబడి తంటాలు పడుతూనే ఉంది. 2024 అక్టోబర్, నవంబర్‌లలో ఢాకా ప్రభుత్వం సూపర్ మార్కెట్లలో, తర్వాత కూరగాయల మార్కెట్లలో నిషేధాన్ని మళ్ళీ అమలు చేయడానికి దిగింది. ఇరవై రెండేళ్ళ తర్వాత అదే మెట్టు దగ్గర.

తమిళనాడు ఇంకో దారి పట్టింది. 2019 జనవరి 1న నిషేధం తెచ్చింది. అమలు సడలుతోందని అర్థమయ్యాక 2021 డిసెంబర్‌లో ‘మీండుమ్ మంజప్పై’, అంటే మళ్ళీ పసుపు సంచి, అన్న ప్రచారం మొదలుపెట్టింది. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో తాంబూలంతో పాటు ఇచ్చే పసుపు గుడ్డ సంచి అది. మధ్యకాలంలో దాన్ని పట్టుకొచ్చినవాణ్ణి పల్లెటూరివాడని నవ్వేవారు. నవ్వించిన వస్తువునే గర్వపడే వస్తువుగా తిప్పడం తెలివైన పని. డబ్బు వేస్తే సంచి ఇచ్చే యంత్రాలు మార్కెట్లలో పెట్టారు. దానితో సమస్య తీరిపోయిందని కాదు. నిషేధం తర్వాత కూడా పని ఉంటుందని గుర్తించారు, అదే ముఖ్యం.

ప్రపంచ స్థాయిలో ఇప్పుడు చప్పుడు తగ్గే దశే నడుస్తోంది. 2022లో నైరోబిలో ఎంతో ఆశతో మొదలైన ఒప్పందం చర్చలు 2024 చివర్లో బూసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ తేలకుండానే ముగిశాయి. ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి పెట్టాలా, చెత్త నిర్వహణ చూసుకుంటే చాలా అన్నదగ్గర ముడి పడింది. ఉత్పత్తి మీద పరిమితికి భారత్ ఒప్పుకోలేదు, అభివృద్ధి చెందుతున్న దేశాల హక్కు గురించి వాదించింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. ఒక్కో మనిషి వాడే ప్లాస్టిక్‌లో సంపన్న దేశాలతో మనకు పోలిక లేదు. కానీ తయారీని తగ్గించం అంటే, తయారైన ప్రతి ప్యాకెట్టునూ తిరిగి పట్టుకునే వ్యవస్థ మా దగ్గరుంది అని చూపించాలి. చెత్త బండి రాని పల్లె ఒక్కటి ఉన్నా ఆ మాట బలహీనపడుతుంది.

మూడు కొలమానాలు

కాబట్టి ఒక ప్లాస్టిక్ ఉద్యమం గెలిచిందో లేదో తేల్చడానికి ఎన్ని బస్తాల చెత్త ఎత్తారు, ఎన్ని సంచులు పంచారు అని కాకుండా మూడు విషయాలు అడగాలంటాను.

మొదటిది, ప్యాకెట్టు మారిందా? 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఉత్పత్తిదారులు తమ ప్యాకింగును వెనక్కి సేకరించే బాధ్యతకు లక్ష్యాలు పెట్టాయి. అది కాగితం మీద జరుగుతోందా, నేల మీదా అన్నది పౌరులే చూడవచ్చు. 2017లో ఫిలిప్పీన్స్‌లోని మనీలా తీరంలో కార్యకర్తలు చెత్త ఎత్తి ఊరుకోలేదు. ఒక్కో ప్యాకెట్టు మీదున్న పేరు చదివి, ఏ కంపెనీవి ఎన్ని అని లెక్క రాశారు. ఖర్చు లేని శాస్త్రం అది. మన బడిపిల్లలు, కళాశాలల ఎన్ఎస్ఎస్ విద్యార్థులు చెరువు గట్టు శుభ్రం చేసే రోజున చీపురుతో పాటు ఒక నోటు పుస్తకం కూడా తీసుకెళితే చాలు. ఏటా అదే చోట, అదే పద్ధతిలో లెక్క రాస్తే అది సాక్ష్యం అవుతుంది.

రెండోది, చెత్త ఏరే మనిషి బతుకు మెరుగైందా? కొత్త నిబంధన, కొత్త యంత్రం, కొత్త కాంట్రాక్టు ఏది వచ్చినా ఆమె చేతిలోంచి పని లాక్కుందా, పనికి విలువ కట్టిందా అని అడగాలి.

మూడోది, లెక్క బయటపెట్టారా? మన మునిసిపాలిటీలో ఎంత ప్లాస్టిక్ వస్తోంది, ఎంత ఎక్కడికి పోతోంది, కాల్చేది ఎంత అని వార్డు వారీగా చెప్పగలిగితే ఆ ఊరి ఉద్యమానికి వెన్నెముక ఉన్నట్టే.

ఈ మూడింటికీ సమాధానం లేని చోట నిషేధం అంటే చిన్న దుకాణదారుకు జరిమానా రసీదు మాత్రమే. ఆవు కడుపులోని కవరు చూసి చలించినవాళ్ళం మనమే, కోర్టు దాకా వెళ్ళినవాళ్ళూ మనలోని వాళ్ళే. పన్నెండేళ్ళు దాటినా కర్రీ పాయింటు దగ్గర ముడి అలాగే పడుతోంది. రేపు సాయంత్రం స్టీలు క్యారేజీ పట్టుకెళ్తే మన ఇంటి వరకు ఆ ముడి పడదు. తప్పకుండా పట్టుకెళ్దాం. కానీ అక్కడితో ఆగకుండా, ఆ పక్కన వేలాడుతున్న ప్యాకెట్ల దండ ఎవరు తయారుచేశారో, ఖాళీ అయ్యాక దాన్ని ఎవరు తీసుకెళ్తారో కూడా అడుగుదాం.